నచ్చే ఫీచర్ ఒకటి, కాపాడే ఫీచర్ ఇంకొకటి

కొత్త కారు ఇంటికొచ్చిన వారంలోపే చాలామంది చేసే పని ఒకటుంది. లేన్ గీతకు దగ్గరైనప్పుడల్లా మోగే బీప్‌ను ఎక్కడ ఆపాలో మెనూలన్నీ తిరగేసి వెతకడం. అదే మనిషిని కొన్నాళ్లాగి పలకరించండి. ముందు బండిని చూసి తనంతట తానే వేగం తగ్గించుకునే క్రూయిజ్ కంట్రోల్‌కు అలవాటు పడ్డాక, అది లేని కారులో హైవే ఎక్కాలంటే ప్రాణం ఉసూరుమంటోందని చెబుతాడు. బీప్ మోగించేదీ, వేగం తగ్గించేదీ ఒకే ప్యాకేజీలో వచ్చినవే. బ్రోషర్‌లో రెండూ అడాస్, అంటే డ్రైవర్‌కు సాయం చేసే ఎలక్ట్రానిక్ ఫీచర్లు, అనే ఒకే శీర్షిక కింద కనిపిస్తాయి.

అందుకే ‘అడాస్ మంచిదేనా?’ అని పదిమంది డ్రైవర్లను అడిగితే పది జవాబులొస్తాయి. ఒకరు బ్రేక్ గురించి మాట్లాడుతుంటారు, ఇంకొకరు బీప్ గురించి, మరొకరు స్టీరింగ్ గురించి. వాళ్ల వాదన ఒకే వస్తువు మీద కాదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇంకొకటుంది. డ్రైవర్లకు బాగా నచ్చే ఫీచర్లకూ, ప్రమాదాలు తగ్గించినట్టు లెక్కల్లో తేలిన ఫీచర్లకూ పెద్దగా పొంతన కుదరడం లేదు. ఎందుకిలా జరుగుతోందో తెలియాలంటే ముందు ఈ ఫీచర్లను విడదీసి చూడాలి.

ఏబీఎస్ మీద ఎవరికీ కోపం రాదెందుకు?

డ్రైవర్‌కు సాయం చేసే టెక్నాలజీ నిన్న మొన్నటిది కాదు. బాష్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లోనే మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చింది. గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి కారు జారిపోకుండా చూడటం దాని పని. మొదట్లో దాని మీదా అనుమానాలు ఉండేవి. పెడల్ కాలికింద గడగడలాడేసరికి ఏదో విరిగిందనుకుని కాలు తీసేసినవాళ్లున్నారు. 1995లో ఇంకో మెట్టు ఎక్కి, కారు అడ్డం తిరగకుండా ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేక్ వేసే స్టెబిలిటీ కంట్రోల్ వచ్చింది. 1997లో స్వీడన్‌లో ఒక పత్రిక చేసిన పరీక్షలో, అడ్డొచ్చిన దుప్పిని తప్పించినట్టుగా స్టీరింగ్ తిప్పగానే మెర్సిడెస్ ఏ-క్లాస్ బోల్తా పడింది. ఆ పరువు నష్టంతో కంపెనీ ఆ చిన్న కారులో కూడా స్టెబిలిటీ కంట్రోల్‌ను తప్పనిసరిగా బిగించింది. ఖరీదైన కార్లకే పరిమితమనుకున్నది సామాన్య కార్లలోకి దిగడానికి అది పెద్ద కారణమైంది. 2012 మోడల్ నుంచి అమెరికాలో ప్రతి కొత్త కారుకూ అది ఉండి తీరాలి.

ఈ రెండిటి గురించీ ఇప్పుడు ఎవరూ వాదించుకోరు. అవి కచ్చితంగా పనిచేస్తాయని మాత్రమే కాదు, అవి కారు లోపలి సంగతిని మాత్రమే కొలుస్తాయి. చక్రం ఎంత వేగంగా తిరుగుతోంది, స్టీరింగ్ ఎటు ఉంది, బండి నిజంగా ఎటు పోతోంది అన్నవి సెన్సర్లు నేరుగా చెప్పే అంకెలు. అందులో ఊహకు తావు తక్కువ. చక్రం జారిందా లేదా, అంతే.

ఈ తరం ఫీచర్లతో పరిస్థితి మారిపోయింది. ముందున్నది మనిషా, నీడా? ఆ తెల్ల గీత లేన్ గీతా, పాత రిపేరు మరకా? ఆ 40 బోర్డు ఈ రోడ్డుదా, పక్క రోడ్డుదా? కారు ఇప్పుడు బయటి ప్రపంచాన్ని చూసి ఊహిస్తోంది. ఊహించేది ఎవరైనా పొరబడతారు. డ్రైవర్ల ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయని నా లెక్క.

కారుకు ఏం కనిపిస్తుంది?

చాలా కార్లలో ముందు అద్దం వెనక, అద్దం నడినెత్తిన ఒక కెమెరా ఉంటుంది. గ్రిల్ వెనకో బంపర్‌లోనో ఒక రాడార్ ఉంటుంది. బంపర్ చుట్టూ గుండ్రటి బొత్తాల్లా కనిపించేవి పార్కింగ్ కోసం పెట్టిన అల్ట్రాసోనిక్ సెన్సర్లు. అవి కొద్ది మీటర్ల దూరానికే పనికొస్తాయి.

కెమెరా ఆకారాలు బాగా పోలుస్తుంది. గీతలు, బోర్డులు, మనుషులు, సైకిళ్లు దాని పని. ఎదురెండ, భారీ వాన, పొగమంచు, అద్దం మీద బురద దానికి శత్రువులు. రాడార్‌కు చీకటీ వానా పెద్ద అడ్డు కాదు. ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా దగ్గరవుతోంది అన్నది అది చాలా బాగా చెబుతుంది. కానీ ఆ వస్తువు ఏమిటన్నది మాత్రం దానికి మసక మసకగానే తెలుస్తుంది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మీరు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు. రోడ్డు మీద అడ్డంగా కట్టిన పెద్ద బోర్డు, ఫ్లైఓవర్ గోడ, పక్కనున్న రెయిలింగ్, మలుపులో కనబడే స్తంభం, అన్నీ రాడార్ కళ్లకు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో మీ మీదికే వస్తున్నాయి. అంటే అవి కదలనివని దానికి అర్థమవుతుంది. నిలబడిపోయిన లారీ కూడా సరిగ్గా అలాగే కనిపిస్తుంది. కదలని ప్రతిదానికీ బ్రేక్ వేస్తే కారు ముందుకు సాగదు. అందుకని హైవే వేగంలో కదలని వస్తువుల సంకేతాలకు చాలా సిస్టమ్‌లు విలువ తగ్గించి చూస్తాయి, ముఖ్యంగా పాతవి. ‘ఆగి ఉన్న వాహనాలను గుర్తించకపోవచ్చు’ అని యజమాని పుస్తకంలో చిన్న అక్షరాల్లో రాసేది ఇందుకే. ఆ పుస్తకం ఎవరు చదువుతారు, అది వేరే సంగతి.

ఈ విలువను ఎంత తగ్గించాలన్నదే ఇంజనీర్లకు తలనొప్పి. తగ్గించి చూస్తే నిజంగా ఆగి ఉన్న బండిని వదిలేస్తుంది. పెంచి చూస్తే ఖాళీ రోడ్డు మీద, ఫ్లైఓవర్ నీడ పడ్డచోట, ఉన్నట్టుండి బ్రేక్ పడుతుంది. దాన్నే డ్రైవర్లు ఫాంటమ్ బ్రేకింగ్ అంటున్నారు. లేని దెయ్యాన్ని చూసి ఆగడమన్నమాట. 2022 ఫిబ్రవరిలో అమెరికా రోడ్డు భద్రతా విభాగం ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఈ సమస్య మీదే 2021, 2022 మోడల్ టెస్లా కార్లపై విచారణ మొదలుపెట్టింది. 9 నెలల్లో 354 ఫిర్యాదులు అందాయని చెప్పింది. విచారణ పరిధిలోకి వచ్చిన కార్లు దాదాపు 4,16,000. ఆ కంపెనీ అంతకు ముందు ఏడాదే అమెరికాలో రాడార్ తీసేసి కెమెరాలకు మాత్రమే పరిమితమవడం మొదలుపెట్టింది.

రెండో వైపు తప్పు ఎంత ఘోరంగా ఉంటుందో 2016 మే నెలలో ఫ్లోరిడాలోని విల్లిస్టన్ దగ్గర జరిగిన ప్రమాదం చూపించింది. రోడ్డుకు అడ్డంగా మలుపు తిరుగుతున్న లారీ తెల్లటి ట్రెయిలర్ కిందికి, ఆటోపైలట్ అనే సిస్టమ్ మీద నడుస్తున్న టెస్లా కారు దూసుకెళ్లింది. ప్రకాశవంతమైన ఆకాశం ముందు ట్రెయిలర్ తెల్లటి పక్క భాగాన్ని సిస్టమ్ పోల్చలేదు, డ్రైవర్ కూడా బ్రేక్ వేయలేదు. సిస్టమ్ మీద అతిగా ఆధారపడటాన్నీ, ఆ ఆధారపడటాన్ని సాగనిచ్చిన కారు డిజైన్‌నూ దర్యాప్తు సంస్థ కలిపే తప్పుపట్టింది.

అనవసరంగా బ్రేక్ పడిందని కోపగించుకునే డ్రైవరూ, బ్రేక్ పడలేదని భయపడే డ్రైవరూ ఒకే నాబ్ రెండు చివరల గురించి మాట్లాడుతున్నారు.

బీప్ లెక్క

హెచ్చరికల మీద విసుగు డ్రైవర్ల చాదస్తం కాదు. దాని వెనక చిన్న గణితం ఉంది. ఒక డ్రైవర్‌కు ఏడాదిలో ఒక్కసారి నిజంగా గుద్దేసే పరిస్థితి వస్తుందనుకుందాం. ప్రమాదంలా కనిపించి ఏమీ కాకుండా పోయే సందర్భాలు ఏడాదిలో 10,000 అనుకుందాం. ముందు బండి పక్కకు తిరగడం, రోడ్డు వంపులో ఎదురు బండి కనబడటం లాంటివి. సిస్టమ్ నూటికి 99 సార్లు సరిగ్గా అంచనా వేస్తుందనుకున్నా, ఆ 10,000 సందర్భాల్లో 100 సార్లు అనవసరంగా మోగుతుంది. ఒక్క నిజానికి 100 అబద్ధాలు! సిస్టమ్ చెడ్డది కానక్కర్లేదు, ప్రమాదం అరుదైనదైతే చాలు. నాన్నా పులి కథలో పిల్లాడు ఆటకు అరిచాడు, ఈ పెట్టె నిజాయితీగానే అరుస్తుంది. వినేవాడి చెవికి మాత్రం రెండూ ఒకటే.

ఆ విసుగుకు కొలత కూడా ఉంది. 2019లో కార్ల యజమానుల అభిప్రాయాలు సేకరించే జేడీ పవర్ సంస్థ చేసిన అధ్యయనంలో, లేన్ కీపింగ్ (గీత దాటబోతే హెచ్చరించి, స్టీరింగ్‌ను వెనక్కి లాగే ఫీచర్) ఉన్న కార్ల యజమానుల్లో సగటున 23 శాతం మంది ఆ హెచ్చరికలు చిరాకు తెప్పిస్తున్నాయన్నారు. చిరాకు పడ్డవాళ్లలో 61 శాతం మంది అప్పుడప్పుడూ దాన్ని ఆపేస్తున్నారు. నాకు వీటికన్నా ముఖ్యమనిపించిన అంకె వేరు. చిరాకు పడేవాళ్లు ఒక బ్రాండ్‌లో 8 శాతమే, ఇంకో బ్రాండ్‌లో 30 శాతానికి పైగా. రోడ్లూ గీతలూ అందరికీ అవే. తేడా ఎక్కడుందంటే ఎప్పుడు మోగాలి, ఎంత గట్టిగా మోగాలి, స్టీరింగ్‌ను ఎంత మొరటుగా లాగాలి అన్న నిర్ణయాల్లో. ‘జనం టెక్నాలజీకి అలవాటుపడటం లేదు’ అని కంపెనీలు నిట్టూర్చినప్పుడు ఈ అంకె గుర్తు చేయాలి.

అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే హైవే భద్రతా పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఎస్ ఇంకో పని చేసింది. సర్వీసుకు వచ్చిన కార్లలో ఏ ఫీచర్ ఆన్‌లో ఉందో, ఏది ఆఫ్‌లో ఉందో నేరుగా చూసింది. అడిగితే మనిషి మొహమాటానికి ఏదైనా చెబుతాడు, స్విచ్ అబద్ధం చెప్పదు. 2017లో వెలువడిన ఆ ఫలితాల్లో ముందు గుద్దకుండా ఆపే సిస్టమ్ 93 శాతం కార్లలో ఆన్‌లో ఉంది. లేన్ ఫీచర్ మాత్రం సుమారు సగం కార్లలోనే. చెవిలో బీప్ కొట్టే కార్లకన్నా సీటులోనో స్టీరింగ్‌లోనో సన్నగా అదిరించే కార్లలో ఎక్కువమంది దాన్ని ఆన్‌లో ఉంచారు. ఇందులో ఆశ్చర్యం లేదు. బీప్ మోగితే పక్కన కూర్చున్నవాళ్లకూ వినబడుతుంది, ‘ఏమైంది?’ అన్న ప్రశ్న వస్తుంది. సీటు అదిరితే ఆ సంగతి డ్రైవర్‌కూ కారుకూ మధ్యే ఉండిపోతుంది. కొన్నేళ్ల తర్వాత అదే సంస్థ మళ్లీ చూస్తే లేన్ ఫీచర్ ఆన్‌లో ఉన్న కార్లు బాగా పెరిగాయి. డ్రైవర్లు మారారా, కార్లు మెరుగయ్యాయా అంటే రెండోదే ఎక్కువని నా అనుమానం.

లేన్ ఫీచర్ మీద కోపానికి ఇంకో న్యాయమైన కారణం ఉంది, దాన్ని దగ్గర్నుంచి చూడాలి. రోడ్డు అంచున ఒకరు సైకిల్ మీద వెళ్తున్నారు. మీరు మర్యాదగా చోటిద్దామని మధ్య గీత మీదుగా కాస్త పక్కకు జరుగుతారు. ఖాళీ రోడ్డే కదా అని ఇండికేటర్ వేయరు. చక్రం గీత దగ్గరికి రాగానే స్టీరింగ్ చేతుల్లో బిగుసుకుని వెనక్కి లాగుతుంది, అంటే సైకిల్ వైపుకి! లాగే బలం తక్కువే, తేలిగ్గా తిప్పికొట్టొచ్చు. కానీ ఆ అర క్షణంలో డ్రైవర్‌కు అర్థమయ్యేది ఒక్కటే: ఈ కారుకు నా ఉద్దేశం తెలియదు. ఇండికేటర్ వేస్తే సిస్టమ్ పక్కకు తప్పుకుంటుందని తెలిసినవాళ్లకు ఈ గొడవ ఉండదు. ఆ మాట కారు అప్పగించేటప్పుడు చెప్పేవాళ్లు తక్కువ.

వేగ హెచ్చరిక సంగతి ఇంకా వేడిగా ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి రిజిస్టరయ్యే ప్రతి కొత్త కారుకూ ఇంటెలిజెంట్ స్పీడ్ అసిస్టెన్స్ తప్పనిసరి. బోర్డులు చదివి, మ్యాపు చూసి, పరిమితి దాటితే చెబుతుంది. దాన్ని ఆపేయొచ్చు, కానీ బండి మళ్లీ స్టార్ట్ చేసేసరికి అది మళ్లీ ఆన్‌లోకి వస్తుంది. హైవే పక్కన ఉన్న సర్వీసు రోడ్డు బోర్డును చదివి, 100లో వెళ్తున్న కారును 40 దాటావని దబాయిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అందుకే చాలామంది కారెక్కగానే సీటు బెల్టు తర్వాత చేసే పని దాన్ని ఆపడం. ఆ గొడవ పడలేక కొన్ని కంపెనీలు స్టీరింగ్ మీదే షార్ట్‌కట్ ఇచ్చాయి. నా అభిప్రాయం అడిగితే, ఉద్దేశంలో తప్పు లేదు, కానీ రోజూ ఆపే అలవాటు నేర్పే నిబంధన తన కాళ్లు తానే నరుక్కున్నట్టే.

లెక్కల్లో గెలిచినవి

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఐఐహెచ్‌ఎస్ లెక్కల ప్రకారం హెచ్చరికతో పాటు దానంతట అదే బ్రేక్ వేసే సిస్టమ్ ఉన్న కార్లు ముందు బండిని గుద్దిన సంఘటనలు సగానికి తగ్గాయి. హెచ్చరిక ఒక్కటే ఉంటే తగ్గుదల 27 శాతం. వెనక్కి వచ్చేటప్పుడు దానంతట అదే ఆగే ఫీచర్ రివర్స్ ప్రమాదాలను 78 శాతం తగ్గించింది. అద్దాల్లో కనబడని పక్క చోటులో బండి ఉంటే చెప్పే బ్లైండ్ స్పాట్ హెచ్చరికతో లేన్ మారేటప్పటి ప్రమాదాలు 14 శాతం, లేన్ దాటుతున్నావన్న హెచ్చరికతో దానికి సంబంధించిన ప్రమాదాలు 11 శాతం తగ్గాయి.

చూశారుగా, కారు తానే బ్రేక్ వేసినచోట లాభం ఎక్కువ, నోటితో చెప్పి ఊరుకున్నచోట తక్కువ. చెప్పింది వినాలంటే డ్రైవర్ వినే స్థితిలో ఉండాలి, నమ్మాలి, సమయం ఉండాలి. బ్రేక్‌కు అవేవీ అక్కర్లేదు.

ఇంత మేలు చేసే అత్యవసర బ్రేక్ గురించి డ్రైవర్లు మాట్లాడటం అరుదు. చాలామంది కారు అమ్మేసే దాకా అది ఒక్కసారి కూడా పనిచేయడం చూడరు. ఒకవేళ పనిచేసినా ‘నేనే వేసేవాణ్ని, అది తొందరపడింది’ అనిపిస్తుంది. జరగని ప్రమాదానికి సాక్షి దొరకడు. బీప్ మాత్రం రోజూ వినబడుతుంది. మనిషి రోజూ వినబడేదాన్ని బట్టే అభిప్రాయం ఏర్పరచుకుంటాడు. అందుకే సొంత అనుభవం నుంచి వచ్చే అభిప్రాయం చిరాకు విషయంలో నూటికి నూరుపాళ్లు నమ్మదగ్గది, భద్రత విషయంలో దాదాపు పనికిరానిది.

అత్యవసర బ్రేక్‌కూ హద్దులున్నాయి. పాదచారులను గుర్తించే సిస్టమ్‌లు వాళ్లను గుద్దే ప్రమాదాలను మొత్తం మీద 27 శాతం తగ్గించాయని ఐఐహెచ్‌ఎస్ 2022లో తేల్చింది. అయితే వీధి దీపాలు లేని చీకట్లో తేడా ఏమీ కనిపించలేదు. పాదచారులకు ఎక్కువ ముప్పు ఉండేది ఆ వేళలోనే. అమెరికా 2024లో ఖరారు చేసిన అత్యవసర బ్రేక్ నిబంధనలో, పాదచారులను రాత్రివేళ కూడా గుర్తించాలన్న షరతు పెట్టి 2029 సెప్టెంబర్ దాకా గడువిచ్చింది.

ముద్దొచ్చే ఫీచర్

క్రూయిజ్ కంట్రోల్‌ను కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అనే ఇంజనీర్‌కు చూపు లేదు. ఆయన్ను కారులో తీసుకెళ్లే లాయర్ స్నేహితుడు మాట్లాడుతూ ఉంటే వేగం తగ్గించి, వింటూ ఉంటే పెంచేవాడట. ఆ కుదుపులు భరించలేక పుట్టిన ఆలోచన 1958లో క్రైస్లర్ కార్లలోకి వచ్చిందని చెబుతారు. ఆనాటి నుంచీ ఈ వంశం ఫీచర్ల అసలు లక్ష్యం సుఖమే. ముందు బండితో దూరం పాటించే అడాప్టివ్ క్రూయిజ్, దానికి లేన్ మధ్యలో ఉంచే స్టీరింగ్ తోడైతే, లెవల్ 2 అంటున్న నేటి సెటప్ తయారవుతుంది. ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ 2014లో ఇచ్చిన 0 నుంచి 5 వరకు లెవళ్లలో, 2 దాకా బాధ్యత పూర్తిగా డ్రైవర్‌దే.

డ్రైవర్లకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. దూర ప్రయాణంలో భుజాల బిగువు తగ్గుతుందనీ, నత్తనడక ట్రాఫిక్‌లో టెన్షన్ ఉండదనీ చెబుతారు. నిజమే, నేనూ కాదనను. కానీ 2024లో ఐఐహెచ్‌ఎస్, దాని అనుబంధ బీమా గణాంకాల సంస్థ కలిసి పరిశీలించి తేల్చిందేమిటంటే, ఈ జంట ఫీచర్ అదనంగా ప్రమాదాలు తగ్గిస్తోందనడానికి ఆధారం దాదాపు లేదు. పవర్ విండోస్ లాంటి సౌకర్యంగా దీన్ని చూడాలి తప్ప భద్రతా టెక్నాలజీగా కాదని ఆ సంస్థ అభిప్రాయం.

కారణం యంత్రంలో కన్నా మనిషిలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ తెరలు గంటల తరబడి చూసేవాళ్లు సంకేతాలను ఎందుకు వదిలేస్తున్నారో తెలుసుకోవడానికి నార్మన్ మాక్‌వర్త్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. గడియారం లాంటి పలక మీద ఒక ముల్లు అంచెలంచెలుగా కదులుతుంది, ఎప్పుడో ఒకసారి రెండంచెలు దూకుతుంది. ఆ దూకుడు కనిపెట్టాలి. మొదటి అరగంటలోనే జనం కనిపెట్టడం తగ్గిపోయింది. 1948లో ఆయన ప్రచురించిన ఈ ఫలితం లెవల్ 2 కారులో కూర్చున్న ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. నడపడం మనిషికి వచ్చు. ఏమీ చేయకుండా, ఎప్పుడైనా చేయాల్సి రావచ్చని కాపలా కాయడం మనిషికి చేతకాదు.

దీనికి తోడు, సిస్టమ్ ఎప్పుడు ఉందో ఎప్పుడు తప్పుకుందో తెలియని గందరగోళం. డ్యాష్‌బోర్డులో వేలి గోరంత స్టీరింగ్ బొమ్మ ఆకుపచ్చగా ఉంటే కారు లేన్ పట్టుకుని ఉంది. గీతలు చెరిగిన చోట అది తెల్లగానో బూడిదగానో మారుతుంది, చాలా కార్లలో చప్పుడు లేకుండా. అదే సమయంలో వేగం మాత్రం క్రూయిజ్ చూసుకుంటూనే ఉంటుంది. కాబట్టి ఏమీ మారనట్టే అనిపిస్తుంది. వంపు వచ్చేదాకా. అనవసరమైన చోట మోగే కార్లు ఈ ఒక్కచోట ఎందుకు నోరుమూసుకుంటాయో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

పేర్లు చేసే మోసం ఒకటి. 2019లో ఐఐహెచ్‌ఎస్ సుమారు 2,000 మందికి ఐదు కంపెనీల సిస్టమ్ పేర్లు మాత్రమే చెప్పి అడిగితే, ‘ఆటోపైలట్’ అన్న పేరు విని స్టీరింగ్ మీద చేతులు తీసేసినా ఫర్వాలేదన్నవాళ్లు 48 శాతం. మిగతా పేర్లకు ఆ మాట అన్నవాళ్లు మూడో వంతుకు మించలేదు. చేతులు ఉన్నాయో లేదో కనిపెట్టడానికి స్టీరింగ్ మీద పడే బలాన్ని కొలిచే కార్లలో, చక్రానికి బరువు వేలాడదీసి ఏమార్చే ప్రబుద్ధులూ బయల్దేరారు. 2023 డిసెంబర్‌లో టెస్లా అమెరికాలో 20 లక్షలకు పైగా కార్లను సాఫ్ట్‌వేర్ మార్పు కోసం రీకాల్ చేసింది. డ్రైవర్ దృష్టి రోడ్డు మీద ఉంచే ఏర్పాట్లు సరిపోవడం లేదన్నదే అక్కడ అభ్యంతరం.

ఇప్పుడు చేతులకు బదులు కళ్లను చూసే కెమెరా వైపు కంపెనీలు మళ్లుతున్నాయి. జనరల్ మోటార్స్ 2017లోనే సూపర్ క్రూయిజ్‌లో ఈ దారి పట్టింది. ముందే కొలిచి మ్యాప్ చేసిన హైవేల మీద చేతులు తీయొచ్చు, కళ్లు మాత్రం తిప్పకూడదు. ఇది మెరుగైన పద్ధతేనని నా అభిప్రాయం, డ్రైవర్లు మాత్రం దీన్నీ తిట్టుకుంటున్నారు. చలువ కళ్లద్దాలు పెట్టుకున్నా, ఏసీ మార్చడానికి టచ్‌స్క్రీన్ వైపు చూసినా ‘రోడ్డు చూడండి’ అంటుందని. ఏసీ నాబ్ తీసేసి స్క్రీన్‌లో దాచింది కూడా కార్ల కంపెనీలే కదా! యూరప్‌లో కార్ల భద్రతకు రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి ఐదు నక్షత్రాల రేటింగ్ కోసం ఇండికేటర్, హారన్, వైపర్, హజార్డ్ లైట్ల లాంటి వాటికి విడిగా మీటలు ఉండాలని పట్టుబట్టడం ఈ తిట్ల ఫలితమే అనుకోవచ్చు.

లెవల్ 3 కార్లు ఈ కాపలా బాధ్యతను కొంతసేపు తీసేస్తామంటాయి. 2021లో జపాన్‌లో హోండా, 2022లో జర్మనీలో మెర్సిడెస్ ఆ దారిలో అడుగుపెట్టాయి. మెర్సిడెస్‌ది మొదట్లో గంటకు 60 కిలోమీటర్ల లోపు హైవే ట్రాఫిక్‌కే పరిమితం. కారు పిలిచినప్పుడు డ్రైవర్ మళ్లీ పగ్గాలు అందుకోవాలి, ఐక్యరాజ్యసమితి నిబంధన ప్రకారం అందుకు కనీసం 10 సెకన్లు ఇవ్వాలి. వీటి మీద డ్రైవర్ల అభిప్రాయం చెప్పడానికి వాడినవాళ్లే చాలా తక్కువ.

ఎవరి మాట ఎంతవరకు

ఒకే ఫీచర్ గురించి విరుద్ధమైన మాటలు విన్నప్పుడు, మాట్లాడే మనిషి ఎక్కడ నడుపుతాడో ముందు అడగాలి. గీతలు స్పష్టంగా ఉన్న హైవే మీద రోజూ తిరిగేవాడికి లేన్ సెంటరింగ్ వరం. ఇరుకు రోడ్లలో, గీతలు చెరిగినచోట, బండ్లు పక్కపక్కన రాసుకుంటూ పోయేచోట అదే ఫీచర్ గోల. రోజుకో కారు మారే అద్దె డ్రైవర్‌కు సమస్య టెక్నాలజీది కాదు, మీటలు ఒక్కో కంపెనీలో ఒక్కోచోట ఉండటం. మెడ తిప్పడం కష్టమయ్యే వయసులో బ్లైండ్ స్పాట్ లైటు నిజంగా ఆసరా. కానీ దాని హద్దులు తెలిసినవాళ్లు తక్కువ. అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏకు చెందిన ఫౌండేషన్ 2018లో చెప్పిన ప్రకారం, ఆ ఫీచర్ వాడేవాళ్లలో సుమారు 80 శాతం మందికి దాని పరిమితులు తెలియవు. సైకిళ్లనూ పాదచారులనూ కూడా అది నమ్మకంగా పట్టేస్తుందని అనుకునేవాళ్లు అందులో ఉన్నారు.

అనుభవమున్న డ్రైవర్లు ‘ఇవన్నీ చేతకానివాళ్లకు’ అనడం తరచూ వింటాం. గీత దాటకుండా నడపడం వరకు ఆ మాట ఒప్పుకోవచ్చు. ముందు బండి సడన్‌గా ఆగిన క్షణంలో మీరు అద్దంలోకి చూస్తుంటే అనుభవం అక్కరకు రాదు.

విసిగిపోయి అన్నీ ఒకేసారి ఆపేసే ముందు సెట్టింగ్స్‌లో ఒకటి రెండు మార్చి చూడటం మేలు. చాలా కార్లలో హెచ్చరిక ముందుగా రావాలా ఆలస్యంగా రావాలా, ముందు బండితో ఎంత దూరం ఉండాలి అన్నవి మనం ఎంచుకోవచ్చు. కొన్నింటిలో బీప్ బదులు అదురు పెట్టుకోవచ్చు. లేన్ లాగుడు తీసేసి హెచ్చరిక మాత్రం ఉంచుకోవచ్చు. అత్యవసర బ్రేక్‌ను మాత్రం ముట్టుకోకండి. ఇక రాయి తగిలి ముందు అద్దం మార్పించాల్సి వస్తే, లేదా బంపర్ విప్పి బిగించాల్సి వస్తే, కెమెరానూ రాడార్‌నూ మళ్లీ క్యాలిబ్రేట్ చేశారా, అంటే వాటి చూపు సరిగ్గా గురిపెట్టారా అని అడిగి, చేసినట్టు కాగితం తీసుకోండి. చూపు ఒక డిగ్రీ పక్కకు తప్పితే 100 మీటర్ల దూరంలో అది 1.7 మీటర్ల తేడా, అంటే పక్క లేన్‌లోని బండిని మీ ముందున్నట్టు చూడటానికి సరిపోయేంత.